హార్మోనియం బరువు పెరగలేదు

ఆత్మకూరు,
జూన్ 14.

ప్రభువునందు ప్రియమైన భర్త దయాసాగర్ గారికి, మీ భార్య రూబీ వందనములతో వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమం. ‘అందరమూ’ అన్న మాటకు చిన్న మినహాయింపు ఒకటి ఉన్నది. దానిని యథాస్థానంలో, అనగా ఈ ఉత్తరం చివరి భాగంలో, సమర్పించగలను. అంతవరకు తాము చివరి పేజీ తిప్పి చూడరాదని మనవి.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని తాము అడగరు. మంచి మాటలు నోటితోనూ, తగవులు ఉత్తరాలతోనూ జరపాలన్నది మన షైనీ పుట్టిన కొత్తలో మనం పెట్టుకున్న నియమం. తగవులు పిల్ల చెవిన పడకూడదని పెట్టుకున్నాం. ఇప్పుడది డిగ్రీ చదువుతూ మన ఇద్దరికంటే గట్టిగా అరవగలుగుతున్నా, నియమం మాత్రం రద్దు కాలేదు. పైగా ఫోనులో నేను ఆరోగ్యం మాట ఎత్తగానే మీ బొగ్గు యార్డులో సిగ్నల్ పోతున్నది. క్రికెట్ స్కోరు చెప్పుకునేటప్పుడు పోవడం లేదు. కాగితానికి ఆ ఇబ్బంది లేదు.

మీ గత ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు ఈ కింది విధంగా ఉన్నవి.

అత్తమ్మ మోకాలు బాగున్నది. ఉదయగిరిలో ఇంటి నుండి చర్చికి కర్ర లేకుండా నడుస్తున్నారు. కర్రను కుక్కలను అదిలించడానికి మాత్రమే వాడుతున్నారు.

మీ తెల్ల చొక్కాలు నలుపెక్కడానికి నా సబ్బే కారణమా అని అడిగారు. విచారణలో సబ్బు నిర్దోషి అని తేలింది. మీ కరెంటు కేంద్రం కాలనీలో కాపురమున్నన్ని ఏళ్లూ చర్చిలో ప్రభువు బల్ల తీసుకునే ఆదివారానికని నేను తెల్లచీర ఆరేసి, సాయంత్రానికి బూడిదరంగు చీర తీసేదాన్ని. కాలనీ అధికారి ఒకాయన స్వయంగా వచ్చి చూసి, “అది బూడిద కాదమ్మా, చిమ్నీలోంచి వచ్చేది ఒట్టి ఆవిరి” అని తేల్చారు. మా ఇడ్లీ పాత్ర నుండి ఏళ్ల తరబడి వస్తున్న ఆవిరి ఏ ఒక్క చీరనూ ఆ రంగుకు తేలేదని నేను విన్నవించాను. ఆయన నా విన్నపాన్ని పరిశీలనకు స్వీకరించి, బదిలీ మీద వెళ్లిపోయారు. ఆ తర్వాత నాకూ ఆత్మకూరు ఆఫీసుకు బదిలీ అయింది. పరిశీలన ఇంకా కొనసాగుతూ ఉండవచ్చు.

తర్వాతి ప్రశ్న హార్మోనియం గురించి. దాన్ని బాగుచేయించానా అని అడిగారు. బాగుచేయించలేదు. తూయించాను.

కారణం మీకు తెలియనిది కాదు. ఈస్టరు నాటి తెల్లవారుజామున సంఘమంతా పాడుతూ ఉదయగిరి దుర్గం కొండ ఎక్కేటప్పుడు, హార్మోనియం పెట్టెను మీ ఇంటి మగవాళ్లే మోయాలన్నది మన సంఘపు ఆచారం. ఈ ఏడు తాము సగం దారిలోనే బండ మీద కూర్చుండిపోయారు. ఎడమ భుజం పిసుక్కుంటూ, “పెట్టె బరువెక్కింది రూబీ. చెక్క నీళ్లు తాగినట్టుండాది” అన్నారు.

వెనుక నుండి అత్తమ్మ, “ఏందిరా, మీ నాయన దీన్ని నెత్తిన బెట్టుకోని పాట గూడా పాడినాడు” అన్నారు.

మీరు నవ్వారు. ఆ నవ్వుకు కూడా ఊపిరి చాలలేదు. అది నేను చూశాను. నేను చూసిన సంగతిని మీరూ చూసి, చెప్పు కరిచిందని రెండవ కారణం కూడా దాఖలు చేశారు.

కనుక పెట్టెను చింతపండు వ్యాపారి పెంచలప్రసాద్ కాటా మీదికి ఎక్కించాను.

“ఏందక్కా, దీన్ని గూడా అమ్మేస్తా ఉండారా?”

“లేదు నాయనా, బరువు తేల్చాల.”

“తేల్చి?”

“మా ఆయనకు చెప్పాల.”

పెంచలప్రసాద్ తలూపి, పెట్టెను కాటా మధ్యకు జరిపాడు. అతనూ పెళ్లయినవాడే. మామయ్య గారు ఒకప్పుడు బస్సు లగేజీ కోసం తూయించిన బరువు అత్తమ్మకు నేటికీ కంఠతా వచ్చు. ఇప్పుడు అంతకంటే కొంచెం తక్కువే తూగింది. ఒక మూల చెదలు తినడమే అందుకు కారణం. అందువల్ల హార్మోనియం బరువు పెరగలేదనిన్నీ, పెరిగిన బరువు వేరొక చోట ఉన్నదనిన్నీ ఇందుమూలంగా తెలియజేయడమైనది.

ఇక మీ చివరి ప్రశ్న. మొన్న మంగళవారం రోజంతా నేను ఫోను ఎందుకు ఎత్తలేదు? దీనికి కొంచెం వెనుక నుండి రావాలి.

మే నెలలో మన చర్చి ఆవరణలో గుండె పరీక్షల శిబిరం పెట్టారు. మీరు రారని తెలుసు కాబట్టి మీ తరఫున నేనే హాజరయ్యాను. మీ ఆయాసం, భుజం నొప్పి వివరాలు చెప్పి, సాక్ష్యంగా మీ చొక్కా ఒకటి బల్ల మీద పెట్టాను. డాక్టరు అశ్విత గారని, చిన్న వయసు పిల్ల. చొక్కాను అటూ ఇటూ తిప్పి చూసింది.

“మనిషేడమ్మా?”

“బొగ్గు యార్డులో ఉండారు.”

“చొక్కాకు ఈసీజీ తీయలేను గదమ్మా! ఎట్లాగూ వచ్చినారు, మీరు పడుకోండి.”

పడుకున్నాను. ఖాళీగా ఉన్న మంచాన్ని వృథా చేయడం ఎందుకన్నదే నా ఉద్దేశం. కాగితం బయటికి వచ్చాక ఆ పిల్ల ముఖంలో నవ్వు తగ్గింది.

“మీకు ఆయాసం వస్తుందా?”

మా ఆఫీసు మెట్లు మరీ నిటారుగా కట్టారని, చాలాకాలంగా నాకు ఆ అభిప్రాయం ఉన్నదని చెప్పాను. పక్కనున్న షైనీ, “మెట్లను గూడా తూయిద్దామా మమ్మీ?” అన్నది.

“ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా?”

“లేదు.”

“మీ పక్కన?”

“పక్కన రెండు చిమ్నీలు ఉండేవి మేడమ్.”

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఇన్నేళ్లలో ఉప్పు, ఊరగాయల గురించి అడగని డాక్టరు లేడు. ఏ గాలి పీల్చారని అడిగినది ఈ పిల్ల ఒక్కతే. “ఈ చొక్కా మీద కనబడే బూడిద కాదమ్మా, కనబడనంత సన్నంది ఉంటాదే, అదే లోపలికి పోతుంది. ఊపిరితిత్తులు దాటి రక్తంలో కలుస్తుంది. నాళాల లోపలి పొర వాచి, గట్టిపడి, దారి ఇరుకవుతుంది. అదొక్కటే కారణమని నేను చెప్పలేను. మీకు బీపీ ఉంది, వయసుంది. కానీ అన్నేళ్లు పీల్చిన గాలిని పక్కన పెట్టలేను గదా.”

పైన పేర్కొన్న మినహాయింపు నేనే.

మంగళవారం నెల్లూరు ఆసుపత్రిలో నాకు యాంజియోగ్రామ్ తీశారు. మీరు ఫోను చేసినప్పుడు నేను బల్ల మీద ఉన్నాను. సంతకం షైనీ పెట్టింది. గుండెకు వెళ్లే నాళం ఒకటి కొంత ఇరుకైనది. స్టెంటు అవసరం లేదన్నారు. మాత్రలు, నడక, ఉప్పు తగ్గింపు. సకాలంలో దొరికిందని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. రెండవసారి నేను ఏడుస్తున్నందువల్ల చెప్పింది.

మీకు ముందే ఎందుకు చెప్పలేదంటే, భయం వేసింది. ఈ సంగతి రాయడానికి మా ఆఫీసు భాషలో మాట దొరకలేదు.

అత్తమ్మకు చెప్పాను. ఆమె చాలాసేపు నా చెయ్యి వదలలేదు. ఆ తర్వాత, మీ కేంద్రంలో పొగను నీళ్లతో కడిగే యంత్రం బిగిస్తున్నారని మీరు రాసిన వార్త చదివి వినిపించాను. పొగ మీద నీళ్లు చల్లుతారని వివరించాను. “చిలకరిస్తే ఏం చాలుతాదమ్మే? మనోళ్ల బాప్తిస్మం మాదిరి నిండా ముంచాల” అన్నారు. బాప్తిస్టు సంఘపు పెద్దరాలిగా ఆమె అభ్యంతరాన్ని యాజమాన్యం వారి దృష్టికి తేగలరు. అయినా ఆలస్యంగానైనా పొగ మారుమనస్సు పొందుతున్నందుకు నాకు సంతోషంగానే ఉన్నది. ఇక మారవలసినది తాము.

ఈ నెల 22న నెల్లూరులో నాకు మళ్లీ పరీక్ష. షైనీకి ఆ రోజు కాలేజీ ఉన్నది. కనుక రోగి సహాయకులుగా తమను నియమించడమైనది. సహాయకుడికి కూడా అదే రోజు గుండె పరీక్ష చేస్తానని డాక్టరమ్మ ఒప్పుకున్నది. పేరు రాయించాను. మీ గుండె కోసమైతే మీరు రారు, నాకు తెలుసు. నా గుండె కోసం రాకుండా ఉండలేరు, అదీ తెలుసు. మిమ్మల్ని బొగ్గు యార్డు నుండి కంట్రోల్ రూముకు మార్చమని అడగడానికి డాక్టరు రాసిచ్చే కాగితం పనికొస్తుందని మీ యూనియన్‌వాళ్లే అన్నారట కదా. ఆ కాగితం కావాలన్నా మనిషి ఎదురుగా ఉండాలి. చొక్కా చాలదని ముందే రుజువైనది.

నేను రోజూ పొద్దున్నే నడుస్తున్నాను. నిన్న ఆఫీసు మెట్లు ఆగకుండా ఎక్కాను. అవి కాస్త వాలినట్టు అనిపించింది.

చివరిగా, హార్మోనియం పెట్టెను కాటా మీద నుండి దించేటప్పుడు ఒక సంగతి గమనించాను. దానికి రెండు వైపులా పిడులున్నాయి. ఇన్నేళ్లూ ఒక్కరే నెత్తిన పెట్టుకుని మోశారు గనుక రెండింటితోనూ ఎవరికీ పని పడలేదు. మగవాళ్లే మోయాలి కదా అని అత్తమ్మను అడిగాను. “ఎవురు రాసినారే? మీ మామకు పంచుకోవడం తెలీక మోసినాడు” అన్నారు.

డాక్టరమ్మ సరేనంటే, వచ్చే ఈస్టరుకు మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ ఎక్కుదాం. మనం చేరేదాకా పాట మొదలుపెట్టవద్దని సంఘానికి ముందే చెబుతాను.

22న పొద్దున మొదటి బస్సుకు రండి. చొక్కా ఏ రంగుదైనా ఫరవాలేదు.

ఇట్లు,
రెండవ పిడి పట్టుకోబోవు
మీ భార్య,
రూబీ