పడమటి వైపు అద్దాలు

ఏప్రిల్ 21, సోమవారం

వరలక్ష్మమ్మ గారు తన ఫ్లాట్‌లో ఒకే అద్దాన్ని పొద్దుటి నుంచి నాచేత మళ్ళీ మళ్ళీ తుడిపించారు. మరక లోపలి వైపు లేదండీ, బయటి వైపు ఉంది, రేపు తమ్ముడు తాడు మీద దిగి తుడుస్తాడు అని చెప్పాను. వినలేదు. మీ కొండోళ్లకి ఒక మాట ఒకసారి సెప్తే ఎక్కదేటే అంది. నేను ఇంటర్ పాసయ్యాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

లిఫ్ట్ ఎక్కొద్దంది. నీళ్ళు ఒలుకుతాయంట. బకెట్లు మూడో అంతస్తుకి మెట్లమీదే మోశాను.

ఇక్కడ గారు అని రాయక్కర్లేదు. ఎవరూ చదవరు. వరలక్ష్మమ్మ. చాలు.

ఏప్రిల్ 22, మంగళవారం

తమ్ముడు మత్స్యరాజు పడమటి వైపు దిగాడు. ఈ అపార్ట్‌మెంటుకి మిగతా వైపుల ఖాళీ ఉంది. పడమటి వైపు గోడ దాటితే జగదీశ్వరరావు అనే రిటైరైన ఆయన పెరడు. దిగే తాడు, సేఫ్టీ తాడు, రెండూ పైన వాటర్ ట్యాంక్ పిల్లర్‌కి కడతాం. కింది కొసలు ఆయన పెరట్లోనే పడతాయి. ఇంకో దారి లేదు.

ఆయన భార్య పాత చీర మీద వడియాలు పెట్టింది. సబ్బునీళ్ళు పడ్డాయి. మేము ముందే అడిగి ఉండాల్సింది, తప్పు మాదే. గేటు దగ్గరికి వెళ్ళి సారీ చెప్పాను. ఆయన నా మాట వినకుండా పైకి చూసి, అద్దాలు తుడవడానికి దిగుతన్నాడా, మా ఇంట్లో ఆడోళ్లని సూడ్డానికి దిగుతన్నాడా అని అరిచాడు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు కూడా తలెత్తి చూశారు.

తమ్ముడు ఇంకా తాడు మీదే ఉన్నాడు. కిందికి వచ్చాక బెల్టు విప్పి, తాళ్ళు చుట్టలు చుట్టడం మొదలెట్టాడు.

అద్దం మీద ఉన్నప్పుడు వాడికి కనిపించేది సబ్బు నురగ, నురగ పోయాక వాడి ముఖం. అంతే. వెనక్కి తిరిగి చూడబోతే తాడు గిర్రున తిప్పేస్తుంది. ఇది ఆయనకి చెప్పాలి. ఎలా చెప్పాలి? మా తమ్ముడు మంచివాడండీ అనా? ఎందుకు చెప్పాలి అసలు?

ఏప్రిల్ 22, సాయంత్రం

వాచ్‌మన్ జోగులు బాబాయ్ టీ తాగుతూ చెప్పాడు. ఈ బిల్డింగ్ లేవకముందు జగదీశ్వరరావు గారి వంటింట్లోకి పొద్దుటి ఎండ నేరుగా వచ్చేదంట. ఇప్పుడు పగలే లైటు వేసుకోవాలి. ఖాళీ వదలకుండా కట్టేశారని ఆయన తిరగని ఆఫీసు లేదంట. బిల్డర్ అమ్ముకుని వెళ్ళిపోయాడు. అసోసియేషన్ సెక్రటరీ మన్మథరావు ఆయన ఫోన్ ఎత్తడు.

కోపం న్యాయమైనదే. నాకూ వచ్చేది. కానీ బిల్డర్ కారులో వెళ్తాడు. సెక్రటరీ కారులో వెళ్తాడు. ఆ కోపం వాళ్ళని అందుకోలేదు. గోడ మీద వేలాడేవాడు కదలకుండా దొరుకుతాడు.

ఏప్రిల్ 29

పడమటి వైపు పని సగం మిగిలే ఉంది. మన్మథరావు గారికి ఫోన్ చేశాను. మళ్ళీ దిగే ముందు పక్కింటాయనతో ఒక్క మాట మాట్లాడి పెట్టండి సార్ అని. సూద్దాంలే అన్నారు.

మే 5, సోమవారం

రాయలేను. కుడి చెయ్యి.

మే 6, మంగళవారం

ఎడమ చేత్తో పేపర్ పట్టుకుని, కట్టు కట్టిన చేత్తోనే రాస్తున్నాను. వంకరగా వస్తోంది. రానీ.

నిన్న మధ్యాహ్నం. పొద్దున్న నేనే వెళ్ళి ఆ ఇంటావిడని అడిగాను, ఈరోజు పెరట్లో ఏమీ ఆరబెట్టకండమ్మా అని. సరే అంది. తమ్ముడు దిగాడు. నేను డాబా మీద తాళ్ళు కట్టిన పిల్లర్ దగ్గర ఉన్నాను. మూడో అంతస్తు దగ్గర వాడు ఆగిపోయాడు. అక్కా, తాడు రావట్లేదు అన్నాడు. ఎక్కడో చిక్కుకుందనుకున్నాను. పిట్టగోడ మీంచి వంగి చూశాను.

జగదీశ్వరరావు రెండు తాళ్ళ కొసలూ గట్టిగా లాగి తన కొబ్బరిచెట్టుకి కట్టేశాడు. కింద నుంచి అలా బిగిస్తే పైన మనిషి దిగలేడు. ఎక్కలేడు. ఉన్నచోటే ఉండాలి. ఆయనకి అది ముందే తెలుసో లేదో. కట్టగానే తెలిసింది, ఎందుకంటే తలెత్తి చూశాడు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మీ సెక్రటరీని రమ్మను, అతనొచ్చి నాతో మాట్లాడితే ఇప్పుతాను అన్నాడు. మనిషి ఏలాడుతున్నాడండీ అన్నాను. అందుకే బేగి రమ్మను అన్నాడు.

మన్మథరావుకి ఫోన్ చేశాను. మాకవరపాలెంలో పెళ్ళిలో ఉన్నాడు. వెనక సన్నాయి వినిపిస్తోంది. భోజనాలవగానే ఒస్తాను, ఈలోగా ఆయన్ని బతిమాలుకో అన్నాడు.

పడమటి గోడ మీదకి ఎండ తిరిగింది. బెల్టులో కూర్చుని కదలకుండా ఉంటే తొడల దగ్గర పట్టీలు కోస్తాయి, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఆ తర్వాత కళ్ళు తిరుగుతాయి. విశాఖపట్నంలో ట్రైనింగ్ ఇచ్చినప్పుడు వాడికి మొదట చెప్పింది అదే. వాడు కాళ్ళు గోడకి తన్నిపెట్టి మడమలు మార్చుకుంటున్నాడు. నీళ్ళు అన్నాడు.

వాడు ఉన్నది సరిగ్గా వరలక్ష్మమ్మ బెడ్‌రూమ్ కిటికీ దగ్గర. పరుగెత్తుకుంటూ దిగి బెల్ కొట్టాను. అద్దం జరిపి గ్రిల్ లోంచి ఒక్క గ్లాసు నీళ్ళివ్వండమ్మా, దండం పెడతాను అన్నాను. నిజంగా దండం పెట్టాను. ఆవిడ వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసింది. వాడి చెప్పుల అడుగులు, మోకాళ్ళు, ఎండకి నల్లబడిన ముఖం. ఆవిడ వెళ్ళి కర్టెన్ లాగేసింది. అలా లోపలికి సూస్తా ఉంటే మేం ఇంట్లో ఎలా తిరగాలే అంది.

ఆ తర్వాత నాకు మెట్లు గుర్తులేవు. గోడ దగ్గర ఉన్నాను. ఆయన గేటుకి తాళం. జోగులు బాబాయ్ వొద్దు తల్లీ, గోడ మీద గాజుపెంకులున్నాయి అంటున్నాడు. అంటూనే తన కుర్చీ తెచ్చి వేశాడు. తుడిచే గుడ్డలన్నీ పెంకుల మీద పరిచి ఎక్కాను. గుడ్డ జారింది. అరచేయి దిగిపోయింది. అవతలికి దూకాను.

ఎద్దుని కట్టినట్టు కట్టాడు. తడి తాడు, బిగిసిపోయింది. పళ్ళతో లాగాను. ఆయన పక్కనే నిలబడి, నా కాంపౌండ్‌లోకి దూకేవు, కేసెడతాను అన్నాడు. ఎట్టుకో అన్నాను. ఎట్టుకోండి అనలేదు. నన్ను ముట్టుకోవడానికి మాత్రం ధైర్యం చెయ్యలేదు. నా నోట్లో నెత్తురు ఉంది, అది నా చేతిదే.

తమ్ముడు దిగాడు. నిలబడలేకపోయాడు. చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. ఆ ఇంటావిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది. లోపలికి పో అన్నాడు మొగుడు. ఆవిడ చెంబు వాడి పక్కన పెట్టి, మొగుడి ముఖం చూడకుండా వెళ్ళిపోయింది.

ఆసుపత్రిలో చేతికి కుట్లు వేశారు. ఏం జరిగిందమ్మా అంటే అద్దం గుచ్చుకుంది అన్నాను.

మన్మథరావు సాయంత్రం ఫోన్ చేశాడు. సమస్య అయిపోయింది కదా, ఇంక నేను రానక్కర్లేదు కదా అని.

మే 7

జగదీశ్వరరావు నిజంగానే కేసు పెట్టాడు. గోడ దూకానని. నేనూ కంప్లయింట్ రాసిచ్చాను. స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ గారు ఇద్దరి మాటా విన్నారు. మనిషిని అలా ఎలా కట్టేస్తారండీ అని నేను అడిగితే జగదీశ్వరరావు చాలా నెమ్మదిగా చెప్పాడు. నా పెరట్లో పడిన తాడుని కట్టేనండీ. మనిషిని కట్టలేదు.

తాడుని కట్టాడంట.

తాడుని కట్టాడంట.

ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే మంచిది, లేదంటే రెండు కేసులూ కట్టాల్సి వస్తుందని హెడ్ గారు అన్నారు.

మే 11, ఆదివారం

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీటింగ్. కుర్చీలు వేశారు. మాకు వెయ్యలేదు, తర్వాత జోగులు బాబాయ్ స్టూలు తెచ్చాడు. మన్మథరావు, జగదీశ్వరరావు పక్కపక్కన కూర్చున్నారు. టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. ఏళ్ళుగా మాట్లాడుకోని ఇద్దరూ మమ్మల్ని మధ్యలో పెట్టుకుని మాట్లాడుకున్నారు. మన్మథరావు ఆయన్ని బావగారూ అన్నాడు. పెరటి వైపు లైటుకి కరెంటు అసోసియేషన్ ఇస్తుందంట. ఆయన కేసు వెనక్కి తీసుకుంటాడంట. మేము మాత్రం ఆయనకి క్షమాపణ రాసి సంతకం పెట్టాలంట. నేను నా కంప్లయింట్ తీసేసుకోవాలంట.

అప్పుడు తమ్ముడు నా చెవిలో అన్నాడు, సంతకం ఎట్టేద్దాం అక్కా, ఎల్లిపోదాం.

నేను లేచి, ముందు ఆయనే ఒక మాట అనాలి సార్ అన్నాను. మనిషి ఉన్నాడని తెలిసే కట్టేనని అనాలి. క్షమాపణ కూడా అడగను, ఆ ఒక్క మాట చాలు. ఆయన టీ కప్పులోకి చూస్తూ, ఎండలో సరిగ్గా కనిపించలేదు అన్నాడు. మన్మథరావు ఇంక ఒదిలెయ్యమ్మా, మీకు మళ్ళీ పని కావాలి కదా అన్నాడు.

వెనక నుంచి వరలక్ష్మమ్మ లేచింది. నేను ఊహించలేదు. ఏటండీ కనిపించకపోవడం, నా కిటికీ దగ్గరే ఏలాడేడు, మీరు కింద నుంచి తల పైకెత్తి సూస్తానే ఉన్నారు, నేను సూసేను అంది. ఇంకా, మా వంటింటి వాసన వస్తందని నా మీద కంప్లయింట్ ఇచ్చినప్పుడు మాత్రం బాగానే కనిపించింది మీకు అంది. అదీ ఆవిడ అసలు కోపం. మా కోసం కాదు.

అయినా అంది. అందరి ముందూ అంది.

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. జగదీశ్వరరావు బిస్కెట్ తిరిగి ప్లేట్‌లో పెట్టేసి, నేను కేసు తీసేసుకుంటాను, కాగితాలేవీ ఒద్దు అని వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం అనలేదు. నేను సంతకం పెట్టలేదు. నా కంప్లయింట్ వెనక్కి తీసుకోలేదు.

గెలిచినట్టా? నాకు అనిపించడం లేదు. ఇంకా కోపంగానే ఉంది.

మే 11, రాత్రి

ఇంటికొచ్చాక తమ్ముడు అన్నం ముందు కూర్చుని, తాడు మీద ఉన్నది నేను, కోపం నీదేటి అన్నాడు.

ఎడమ చేత్తో వాడికి ఇంకాస్త కూర వేశాను.

మే 13

వరలక్ష్మమ్మ ఫోన్. నీ వైపు మాట్లాడేను కదే, మరి వంటింటి కిటికీకి ఆ మూల మరక అలాగే ఉంది, ఎప్పుడొస్తావ్ అంది. కర్టెన్ వేసే ఉంచండమ్మా, కనపడదు అన్నాను. పెట్టేశాను.

మే 24, శనివారం

మత్స్యరాజు ఇంక ఎక్కనన్నాడు. పెదబొడ్డేపల్లి వైపు ఒక బిల్డింగ్‌కి తీసుకెళ్ళాను. చిన్నదే. బెల్టు పెట్టుకున్నాడు, పిట్టగోడ మీద కూర్చున్నాడు, కాళ్ళు అవతలికి వేశాడు. అక్కడే ఉండిపోయాడు. కిందికి చూస్తున్నాడు. ఎత్తుని కాదు. కింద ఎవరున్నారా అని చూస్తున్నాడు.

దిగు, ఇంటికెళ్దాం అన్నాను. వాడు బెల్టు విప్పి నా చేతికిచ్చాడు. రాత్రి అమ్మకి ఫోన్ చేసి టైల్స్ షాపులో చేరతానని చెప్పాడు. అమ్మ చింతపల్లి అవతల కొండ మీద ఉంది. ఇక్కడ ఏం జరిగిందో మేము చెప్పలేదు. మంచిదే అంది అమ్మ.

జగదీశ్వరరావు ఏం కట్టాడో ఈరోజు తెలిసింది.

జూన్ 3

కుట్ల చోట దురద. పిడికిలి బిగుస్తోంది.

జూన్ 8, ఆదివారం

నాకు నేర్పు అని తమ్ముణ్ణి అడిగాను. నీకెందుకక్కా అన్నాడు. మన పని ఆయన పెరట్లో ఆగిపోకూడదు అన్నాను. లేచి మూలనున్న సంచి విప్పాడు. తర్వాత నా నడుముకి బెల్టు కట్టి పట్టీలు లాగి చూశాడు. లూజుగా ఉంటే తిట్టాడు. వాడు తిట్టి ఎన్ని రోజులైందో.

మా ఓనర్ డాబా మీంచి ముందు కాస్త, తర్వాత ఇంకాస్త దిగాను. మోకాళ్ళు గోడకి కొట్టుకున్నాయి. కళ్ళు మూసుకోకు అక్కా, గోడనే సూడు అని కింద నుంచి చెబుతూనే ఉన్నాడు.

షాపుకి సెలవు పెట్టి వస్తానన్నాడు. పైకి మాత్రం ఎక్కడంట. కింద తాడు కొస ఇంకెవరికీ వదలడంట.

జూన్ 19, గురువారం

కంటి ఆసుపత్రి. రెండో అంతస్తు అద్దం. నేనే దిగాను. నురగ తీసేస్తే లోపల డాక్టరు గారు ఒక ముసలాయనకి గోడ మీద అక్షరాలు చూపిస్తున్నారు. ఏం కనిపిస్తోందని అడుగుతున్నట్టున్నారు. ఆయన అక్షరాల వైపు చూడలేదు. చెయ్యెత్తి నన్ను చూపించాడు.