ప్రకటనలు పడని ఫైనల్

అక్కా,

నేను కులాసా. ఆటల విలేకరినైన నన్ను తెచ్చి టీవీలో పెద్ద కుర్చీ ఎక్కించారు గానీ, పని ఇంకా వంటబట్టలేదు. నిన్న ఫైనల్ ముగియగానే ప్రకటనలు వేయమని సైగ చేయాల్సింది నేనే. గదంతా నా వైపు చూస్తుంటే, నేను పాత అలవాటు కొద్దీ తలవంచుకుని వార్త రాసేసుకుంటున్నాను! ప్రకటనలు పడలేదు. ఏడుస్తున్న గోల్‌కీపర్ని గెలిచినవాళ్లే లేవనెత్తడం జనమంతా చూశారు. "భలే ఆపారు సార్!" అని గదిలోవాళ్లంటే, కావాలనే ఆపినట్టు తలూపాను. పైవాళ్లు మాత్రం సంజాయిషీ అడిగారు. కంగారుపడకు, ఉద్యోగం ఊడదులే.

బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నా ఉన్ని కోటు పంపు, ఆఫీసు ఏసీకి వణికిపోతున్నాను. చంటిదానికి ముద్దులు.

ప్రకటనలొస్తే టీవీని తిట్టే నాన్న, నిన్న నన్ను మెచ్చుకుని ఉంటే నిజం చెప్పకు.

అయ్యో, కార్డు ముందు ఆయన చేతికే వస్తుంది కదూ! నాన్నా, నమస్కారం.