‘ఊరుకో’ తర్వాతి అక్షరం

చోవా చూ కాంగ్,
9 జనవరి 2000

శ్రీవారికి,

మీ సుమ ఒళ్లు మండి రాస్తున్న ఉత్తరం ఇది. ఫోన్లో చెబుదామంటే నోరు తెరవగానే “ఊరుకో సుమా” అంటారు. మెయిల్లో తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో మొగుణ్ణి తిట్టడం నాకు చేతకాదు. అందుకే ఆఫీసు పని మీద మీరున్న టోక్యోకి స్టాంపు అంటించి మరీ పోట్లాడుతున్నాను.

పుస్తకాలు వచ్చాయి. నా పుట్టినరోజు కానుకగా, నాకు తెలియకుండా, నా కవితలన్నీ పోగుచేసి అచ్చువేయించారు. ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ అట్ట మీద వీణ పట్టుకున్న ఆ అమ్మాయి ఎవరండీ? నా కవితల్లో వీణ ఎక్కడుంది? నా పేరుకు ముందు “శ్రీమతి”, కింద “రంగనాథ్ గారి సతీమణి” ఎందుకు? కాగితం కలిసొస్తుందని కాబోలు, పాదాలన్నీ కలిపేసి వ్యాసంలా పరిచేశారు. వరసలు ఎంత ఇరుకంటే, పై వరస వత్తులు వచ్చి కింది వరస గుడుల మీద కూర్చున్నాయి.

ఇవన్నీ ఎలాగో మింగుతాను. చివరి కవిత మాత్రం నా వల్ల కాదు. గుంటూరు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వదిలేసి మీ వెంట ఈ పరాయి దేశానికొచ్చిన ఏడాది రాసుకున్నది. “రెండు పెట్టెల్లో ఇల్లంతా సర్దాను, మూడో పెట్టెలో నన్ను సర్దమన్నారు, ఇక ఊరుకోను” అని ముగుస్తుంది. అచ్చులో “ఇక ఊరుకో” అని ఉంది. “ను” లేదు! ఆ ఒక్క అక్షరం కోసమే కదండీ ఆ కవిత రాసింది?

పుస్తకం పేజీలు కూర్చింది మన తెలుగు సంఘం సంచికలు కూర్చే జనార్దనరావు అంకులే కదా. ఆయన భార్య లీలావతి ఆంటీ నిన్న నా చెయ్యి పట్టుకుని, “ఎంత సర్దుకుపోయే పిల్లవే! చివర్లో ఊరుకో అని మనసుకు నచ్చజెప్పుకున్నావు చూడు, నాకు ఏడుపొచ్చేసింది” అంది. నాకూ ఏడుపొచ్చింది, ఉక్రోషంతో. ఉగాది సభలో ఆవిష్కరణ అట. ఇలాగే ఊరందరికీ పంచుతారా? రేపే యూ టీలో వాళ్లింటికి వెళ్లి అంకుల్‌ని కడిగేసి వస్తాను.

మీ
సుమ


చోవా చూ కాంగ్,
20 ఫిబ్రవరి 2000

ఏమండీ,

మీ జవాబు అందింది. “పేజీ ఫ్రేములో చోటు చాలక అక్షరం జారిపోయి ఉంటుంది, సాఫ్ట్‌వేర్లో ఇలాంటివి మామూలే, పెద్దాయన్ని ఏమీ అనకు” అని రాశారు. ఆలస్యమైంది. అప్పటికే అనేశాను.

వాళ్ల గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టాను. ఆంటీ వంటింట్లోంచి, “ముందు మకాన్ చెయ్యవే, నాలుగు ముద్దలు తిన్నాక ఓపికగా తిట్టుకోవచ్చు” అని పప్పన్నం పెట్టింది. నేను తింటుంటే అంకుల్ కంప్యూటర్ ముందున్న తన కుర్చీ ఖాళీ చేశారు. “తప్పు జరిగిందమ్మా. నీ పుస్తకం ఎలా ఉండాలో నువ్వే చేసి చూపించు” అన్నారు.

పంతానికి కూర్చున్నాను. ఆ కుర్చీ ఇంకా వదల్లేదు. రోజూ రైలెక్కి ఒక్క స్టేషను దూరం వెళ్లి వాళ్లింట్లోనే ఉంటున్నాను. వరసల మధ్య కాస్త గాలి ఆడనిచ్చాను, వత్తులన్నీ హాయిగా కాళ్లు చాపుకున్నాయి. నేను చదివేటప్పుడు ఊపిరి ఎక్కడ ఆపుతానో అక్కడే పాదం విరిచాను. కవిత పక్కన మిగిలే తెల్లకాగితం కూడా నా రాతేనని ఇన్నేళ్లూ నాకు ఎవరూ చెప్పలేదు. నాకు ఎంత సంతోషంగా ఉందో మీకు చెబితే, “హాబీ మంచిదే” అంటారు. అదే నా భయం.

ఇది హాబీ కాదండీ. అంకుల్ స్నేహితులు దశరథరామయ్య గారని నెల్లూరులో కవి ఉన్నారు. తన కవితల కట్ట పంపి, పేజీలు కూర్చి అట్ట కూడా నన్నే వేయమన్నారు. మొదటి పేజీలు చూసి, “నా కవితల్ని నేనే మొదటిసారి చదువుకున్నట్టుందమ్మా” అని రాశారు. నాకిదే వృత్తి కావాలి. కంపెనీ బ్రోషర్లు వద్దు, పుస్తకాలే చేస్తాను. ఒకరి కింద పని చేయను. మీరు చేర్పించిన జావా కోర్సుకు వెళ్లడం మానేశాను. మీ ఫ్రెండ్ కంపెనీలో ఇంటర్వ్యూ రద్దు చేయించండి. అడగకుండా పెళ్లాం పుస్తకం అచ్చువేయించగలిగిన మనిషి, అడిగితే ఈపాటి చేయలేరా?

సుమ


చోవా చూ కాంగ్,
26 మార్చి 2000

రంగనాథ్ గారికి,

నిన్న నా కవితలన్నీ మళ్లీ కూరుస్తూ, పాత పుస్తకం పక్కన పెట్టుకున్నాను. చివరి పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. “ఊరుకో” కింద సగం పేజీ ఖాళీగా ఉంది.

“చోటు చాలకపోవడమేమిటి అంకుల్? ఇక్కడ ఇంకో కవిత పడుతుంది” అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆంటీకి ఒళ్లు మండిపోయింది. “ఇంకెన్నాళ్లు మోస్తారండీ ఆ నింద? చెప్పి ఏడవండి!” అంది.

“మీ ఆయనే ఫోన్ చేశాడమ్మా. ‘సభకు మా ఆఫీసువాళ్లొస్తారు, ఇండియాలో మా అమ్మ చదువుద్ది, ఆ ఒక్క అక్షరం లేపెయ్యండంకుల్, ఎవరికీ తెలవదు’ అన్నాడు. ‘వద్దయ్యా’ అన్నాను. నీకు చెప్పొద్దని మాట తీసుకున్నాడు. మొగుడూ పెళ్లాల మధ్య నాకెందుకని తీసేశాను” అన్నారు. ఆయన్ని కూడా వదల్లేదు. నా అక్షరం తీసేటప్పుడు నన్ను అడగాలని తోచలేదా అని అడిగాను.

ఇక మీ సంగతి. మీరు నా కవిత్వం చదవరని ఇన్నేళ్లూ అనుకున్నాను. స్నేహితుల దగ్గర నవ్వుతూ చెప్పుకున్నాను కూడా. మీరు చదివారు. చివరి అక్షరం దాకా చదివారు. ఎక్కడ కోస్తే నేను నోరు మూసుకున్న ఇల్లాలిలా కనిపిస్తానో తెలిసేటంత శ్రద్ధగా చదివారు! అంత బాగా అర్థమైన మనిషి, నాతో ఒక్క మాట మాట్లాడలేకపోయారా? నా మీద కోపం వస్తే నన్ను తిట్టాల్సింది. కవిత నచ్చకపోతే పుస్తకమే వేయించకుండా ఉండాల్సింది. కానుక అని చేతిలో పెట్టి, అందులోంచి నా నోరు కోసేశారు. పైగా పాపం సాఫ్ట్‌వేర్ మీదికి నెట్టారు.

దశరథరామయ్య గారి పుస్తకం విజయవాడలో అచ్చుకు వెళ్తోంది. ప్రెస్సులో దగ్గరుండి చూసుకోవడానికి గురువారం బయల్దేరుతున్నాను. మీరు శుక్రవారం టోక్యో నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండను. ఉగాది ముందురోజు తిరిగి వస్తాను. ఎవరైనా అడిగితే, పని మీద వెళ్లిందని చెప్పండి. ఆ మాట పలకడం అలవాటు చేసుకోండి.

ఆవిష్కరణ ఆపమని నేను అనడం లేదు. పుస్తకాలున్న అట్టపెట్టెలన్నీ మనింటి హాల్లో మీ కుర్చీ పక్కన పెట్టించాను. బల్ల మీద నల్ల పెన్నులున్నాయి. ప్రతి పుస్తకం తెరిచి, చివరి పేజీలో “ఊరుకో” పక్కన మీ చేత్తో “ను” రాయండి. స్టిక్కర్లు వేయించకండి, ఆఫీసు కుర్రాళ్లకు అప్పజెప్పకండి. అన్ని పుస్తకాల్లోనూ మీరే రాయాలి. మీ అమ్మగారికి పంపే ప్రతిలో కూడా.

తెలుగు రాసి చాలా ఏళ్లయింది, చేతిరాత పాడైపోయిందని సాకు చెబుతారేమో. వంకరగా వచ్చినా, పెద్దగా వచ్చినా ఫరవాలేదు. అక్కడ చోటు చాలా ఉంది.

సుమలత