పోయిన బూట్లు

మయూర్ విహార్, ఢిల్లీ
9 డిసెంబరు 2007

చిరంజీవి అనుగ్రహకు నాన్న దీవించి రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, అమ్మా, అమ్మ మోకాలి నొప్పీ క్షేమం.

నీ ఉత్తరం అందింది. పోలీసు ట్రైనింగులో పరుగులో రెండో స్థానంలో వచ్చావని చదివి, మెట్లన్నీ దిగి వాచ్‌మన్ దశరథ్‌కు చెప్పి వచ్చాను. ‘బిటియా’ అంటూ, మన అమ్మాయి ఎలా ఉందని రోజూ అడుగుతాడు. సెలక్షన్‌కు ముందు గుమ్మం బయట ఆరబెట్టిన నీ బూట్లు పోయినప్పటి నుంచి నువ్వు అతనితో మాట్లాడటం మానేశావు. అయినా అడుగుతాడు.

ఆ బూట్లు పోకపోతే సెలక్షన్‌లో ఇంకా బాగా పరిగెత్తేదాన్నని ఇప్పటికీ రాస్తున్నావు. మళ్ళీ గొంతు నొప్పి అనీ, అయినా అందరూ లేవకముందే నాలుగు రౌండ్లు ఎక్కువ కొడుతున్నాననీ రాశావు. అచ్చం నా కూతురివే. ఫౌజులో జవాన్లను పరిగెత్తించే పీటీ ఉస్తాదుగా పాతికేళ్ళు ‘ఇంకో రౌండు’ తప్ప మరో మాట ఎరగనివాణ్ణి.

కానీ మీ అమ్మ నర్సు. అప్పట్లో నేను నిన్ను సెలక్షన్‌కు తయారు చేస్తున్నప్పుడు, రెండు నెలల్లో నీకు మూడుసార్లు జలుబు చేసేసరికి నన్ను నిలదీసింది. ఒళ్ళు హూనమయ్యేలా పరిగెత్తాక కొన్ని గంటలసేపు ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి తగ్గుతుందట. మితంగా పరిగెత్తితే మేలేనట, విశ్రాంతి ఇవ్వకుండా రోజూ చావగొడితేనే ముప్పట.

“పిల్ల ఒంట్లో కాపలా కాసేవాళ్ళకి మాత్రం నిద్దర అక్కర్లేదేటండీ?” అంది.

ఆ మాట నిజమే. అయినా ‘ఇక చాలమ్మా’ అని నీతో అనడానికి నా నోరు పెగల్లేదు. ఇప్పుడు కాగితం మీద అంటున్నాను. గొంతు నొప్పి తగ్గేదాకా పరుగు ఆపు. నువ్వంటే నాకు ప్రాణం, అది కూడా ఎప్పుడూ చెప్పినట్టు లేను.

మీ నాన్న,
సాలొమోను

తా.క.: నీ బూట్లు ఎవరూ ఎత్తుకుపోలేదు. నా నల్ల ట్రంకు పెట్టెలో, కంబళి కింద ఉన్నాయి. కొత్తవి కొనుక్కొస్తానని వెళ్ళి, నీ సైజు దొరకలేదంటూ పది రోజులు ఉత్త చేతులతో వచ్చానే, ఏ కొట్టూ ఎక్కలేదు. పార్కులో కూర్చుని వచ్చేవాణ్ణి. ఆ పది రోజుల్లోనే నీ జలుబు వదిలింది, అందుకే సెలక్షన్‌లో నెగ్గావు. దశరథ్‌కు నిన్న నిజం చెప్పి క్షమాపణ అడిగాను. నువ్వూ అతనికి రెండు ముక్కలు రాయి. ఈసారి బూట్లు దాచడానికి నేను అక్కడ లేను తల్లీ. నువ్వే దాచుకో.