ఏడో తరగతి పట్టిన తప్పు

గౌరవనీయులైన కత్తెరగారికి,

నమస్కారాలు. మీ దగ్గర పంతొమ్మిదేళ్లు విలేకరిగా పరుగులు తీసినదాన్ని, ఇప్పుడు ఏడో తరగతికి తెలుగు చెబుతూ స్కూలు లైబ్రరీ చూసుకుంటున్నాను. లైబ్రరీ అంటే ఏదో ఊహించుకునేరు! ఆరు బీరువాలు, రెండు బల్లలు, తలుపు తీస్తే తుమ్ములు. రిజిస్టరులో చివరి సంతకం రెండేళ్ల కిందటిది.

హెడ్మిస్ట్రెస్ మొదటిరోజే తేల్చేశారు. "పిల్లలు రాకపోతే ఆ గదిని ప్రశ్నపత్రాల స్టోరు చేసేస్తానమ్మా, తర్వాత ఏమనుకోకు" అన్నారు. ఆ గది కోసమే కదండీ నేను ఉద్యోగం మానింది! అది పోతే నేనిక్కడికి వచ్చి ఏం లాభం?

మీ పిడుగు


చిరంజీవి పిడుగుకి,

ఆశీస్సులు. మంత్రుల నోళ్లు తెరిపించినదానివి, పన్నెండేళ్ల పిల్లల్ని గదిలోకి రప్పించలేవా? ముందు వాళ్లచేత వ్యాసాలు రాయించు, చదవడం అదే వస్తుంది.

నీ బదులు వచ్చిన మహానుభావుడు నిన్న ఒకాయన పోయారని రాసి, కింద 'ఆయన మాట్లాడుతూ' అని మొదలుపెట్టాడు. నా ప్రాణాలు తోడేస్తున్నాడు. స్కూల్లో విసుగొస్తే మొహమాటపడకుండా వచ్చెయ్.

కత్తెర


కత్తెరగారికి,

వ్యాసాలు రాయించి కొంప ముంచుకున్నాను. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? మీరు నా వార్తల్ని నరికినట్టే నరికాను. ఒకమ్మాయి అమ్మమ్మ గురించి మూడు పేజీలు రాస్తే నాలుగు వాక్యాలు మిగిల్చాను. కాగితం అటూ ఇటూ తిప్పి, "మా అమ్మమ్మ ఏది మేడమ్?" అంది. మర్నాటి నుంచి లైబ్రరీకి పురుగు కూడా రాలేదు.

క్లాసుకి క్షమాపణ చెప్పి, పదకొండేళ్ల కిందట పోటీలో బహుమతి తెచ్చి మన పత్రికలో పడిన నా వంతెన వ్యాసం తలో ప్రతి ఇచ్చి, "ఇప్పుడు నన్ను మీరు దిద్దండి" అన్నాను. అబ్బో, ఉతికి ఆరేశారు! వాక్యం వాక్యానికీ "ఇది మీకెవరు చెప్పారు?" అని అడగడమే. నిజమో కాదో పుస్తకాల్లో చూసుకోండన్నాను. ఇంకేముంది, లైబ్రరీ మీద పడ్డారు.

వారం తిరక్కుండా ఆ అమ్మమ్మ పిల్లే ఊరి చరిత్ర పుస్తకం మోసుకొచ్చింది. మన ఊళ్లోకెల్లా పాతదని నేను రాసిన రాతి వంతెన కంటే ఇనుప వంతెన తొమ్మిదేళ్లు పెద్దదట! అందరం వెళ్లి దాని ఫలకం చూశాం. నిజమే. నాకు తల కొట్టేసినట్టయింది, మరుక్షణమే ఆ పిల్లల్ని చూసి ఒళ్లు పొంగిపోయింది.

హెడ్మిస్ట్రెస్ మాత్రం మండిపడ్డారు. "పేపర్లో పడ్డదాన్నే తప్పంటారా? ఈ గదిలో పెద్దల్ని కాదనడం నేర్పుతున్నావా? నెలాఖరుకి ఖాళీ చెయ్" అన్నారు. పదకొండేళ్లయితేనేం, సవరణ వేయండి. తప్పు నాదని నా పేరుతోనే వేయండి. నా పరువు పోతే పోనీ, పిల్లల మాట నిలబడాలి.

పిడుగు


తల్లీ,

పాత తప్పు తవ్వి పత్రిక పరువు తీయడం దేనికని మొదట నీ ఉత్తరం పక్కన పడేశాను. మనసొప్పక పోటీకి పంపినప్పటి ఫైలు తీయించాను. నీ చేతిరాతలో 'రాతి వంతెనల్లోకెల్లా పాతది' అనే ఉంది. శీర్షికలో పట్టడం లేదని 'రాతి' ఎగరగొట్టి, లోపల కూడా దానికి తగ్గట్టు మార్చింది నేను. పదకొండేళ్లు నా తప్పు నీ పేరు మీద నడిచింది. నన్ను క్షమించు.

ఇవాళ మొదటి పేజీలో వేశాను. కటింగు ఇదిగో:

'సవరణ: ఊళ్లో అన్నిటికన్నా పాతది ఇనుప వంతెన. మా వ్యాసంలోని పొరపాటును కనిపెట్టినవారు ఏడో తరగతి విద్యార్థులు. పొరపాటు విలేకరిది కాదు, ఆమె సరిగ్గా రాసినదాన్ని మార్చిన వార్తా సంపాదకుడిది.'

ముప్పై ఏళ్లలో నా మీద నేను వేసుకున్న మొదటి సవరణ ఇది.

కత్తెర


ప్రియమైన గురువుగారికి,

మీ ఉత్తరం లైబ్రరీలో క్లాసందరి ముందే చదివాను. పోటీ అయిపోయాక అచ్చులో ఏం పడిందో నేనూ సరిగ్గా చూసుకోలేదు, కాబట్టి సగం తప్పు నాకూ ఇవ్వండి.

అంతలో హెడ్మిస్ట్రెస్ లైబ్రరీలోకి వచ్చి, కటింగు తీసుకుని నిలబడే చదివారు. మళ్లీ చదివారు. కళ్లజోడు తీసి పిల్లల వంక చూసి, "గది మీదేనర్రా. ఇంకో రెండు బీరువాలు పంపిస్తాను" అన్నారు.

నలభై మందీ ఒక్కసారి కేక పెట్టారు. లైబ్రరీలో అరవకూడదని చెప్పాల్సినదాన్ని నేనే. అందరికంటే గట్టిగా అరిచిందీ నేనే.

మీ
పంతులమ్మ