తల లేని కోటుకు సెల్యూట్ జరిగిన విషయమై

నాటకాల అనుమతుల పై అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: రంగస్థలం మీది నుండి పట్టుకుపోబడిన ఒక కోటు, ఒక భర్త గురించి.

నేను నాటక సమాజంలో వేషాలకు దుస్తులు కుట్టుదానను. మా ఆయన అక్కడే తెరలు, సింహాసనాలు తయారుచేయును.

1. ప్రదర్శన ముందురోజు రాజుగారి కోటును కొయ్య స్టాండుకు తొడిగి, లైట్ల కింద రంగు చూసుకొనుట మా పనిలో వాడుక. ఛాతీ చాలక ఈ కోటుకు వీపుమీద కూడా పతకాలు కుట్టితిని. ఎక్కుటకు నిచ్చెన కావలసినంత ఎత్తున సింహాసనం మా ఆయన చేసెను.

2. తనిఖీకి వచ్చిన తమ ఇన్‌స్పెక్టరు గారు లోపలికి అడుగుపెట్టగానే బూట్లు దగ్గరికి చేర్చి, కోటుకు సెల్యూట్ కొట్టిరి. దానికి తల లేని సంగతి వారు తరువాత గమనించిరి.

3. మా ఆయన నవ్వెను. "ఎవరనుకున్నారు సార్?" అని కూడా అడిగెను. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెళ్లయిన నాటినుండి చెప్పుచున్నాను, వింటేనా!

4. కోటు "ఒక పెద్దమనిషిని" పోలియున్నదని వ్రాసుకొని, కోటును, మా ఆయనను ఇద్దరినీ జీపెక్కించిరి. మేము ఎవరి పేరూ ఎత్తలేదు. పోలిక పట్టినది వారే. గుమ్మడికాయల దొంగ సామెత ఇక్కడ వ్రాయను. దానికీ ఒక కేసు పెట్టగలరు.

5. నాకు అనుమానములు కలవు. ఆనాడు రంగస్థలం తలుపు గడియ లోపలినుండి నేనే వేసితిని. ఎవరు తీసిరి? మా మేనేజరు "నువ్వేం చూళ్లేదు కదమ్మా?" అని కనబడినప్పుడల్లా అడుగుచున్నాడు. నిన్న పండ్లు తెచ్చిపెట్టాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి! నేను ముట్టలేదు. తమ గుమాస్తా సైతం ఈ అర్జీ ఖాళీ కాగితాన్ని నాకిచ్చే ముందు పక్కవాడికి కన్నుగీటెను.

6. మా ఆయనకు ఉబ్బసం. పీల్చే మందు నా దగ్గరే ఉండిపోయినది. లోపల ఆయనకిమ్మంటే తమ జవాను తీసుకోడు. "ఇందులో ఏముందో నాకేం తెలుసు?" అంటాడు. మందండీ, ఇంకేముంటుంది! ఆయాసం వస్తే ఆయన పడుకోలేడు, గోడకు ఆనుకుని కూర్చుంటాడు. నాకు భయంగా ఉంది.

కావున కోటును తమరే ఉంచుకొని, మనిషిని ఇప్పించవలసినదిగా ప్రార్థించుచున్నాను.

తమ విధేయురాలు,
కోటు కుట్టిన మనిషి

తా.క. అయ్యా, నవ్వింది ఆయనొక్కడే అని రాసుకున్నారట. తప్పు. నేనూ నవ్వాను. నోటినిండా గుండుసూదులు ఉండబట్టి బయటికి వినబడలేదు. నేరం ఒకటే కదా, గదీ ఒకటే ఇవ్వండి. తమ గుమ్మం బయట బల్లమీదే ఉన్నాను. మందు చేతిలోనే ఉంది.