లండన్ పుట్టుక మీద నువ్వు రాసిన వ్యాసం

ప్రసన్నా,

ఈ రోజు ఇక్కడ ఇంగ్లండ్‌లో, మన కాలేజీలో నీ సంతాప సభ జరిగింది. లండన్ ఎలా పుట్టిందో నువ్వు రాసిన వ్యాసాన్ని హిస్టరీ సర్ అందరికీ చదివి వినిపించాడు. రోమన్లు థేమ్స్ మీద వంతెన కట్టడం, దాని పక్కనే ఊరు పెరగడం, రోమన్ల మీద తిరగబడ్డ ఒక రాణి ఆ ఊరిని తగలబెట్టినా వ్యాపారులు మళ్లీ అక్కడికే రావడం, అంతా చదివాడు. "ఎంత తెలివైన అమ్మాయి" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నీకు ఇంత ఇంగ్లిష్ రాదని, కాపీ కొట్టావని జీరో వేసింది ఆయనే. "నేనే రాశానే, లైబ్రరీలో కూర్చుని రాశా" అని నువ్వు నా దగ్గర ఏడ్చిన వారానికే, కేంబ్రిడ్జ్‌లో ఖర్చుల కోసం చేసే వేర్‌హౌస్ షిఫ్టుకి వెళ్తుంటే మంచు మీద కారు జారి చనిపోయావు.

నేను లేచి నిలబడ్డాను. "సర్, దీనికి మీరు ఎన్ని మార్కులు వేశారో కూడా చెప్పండి."

ఆయన తల దించుకుని "సారీ" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. పర్లేదని నేను అనలేదు.

నీ స్వాతి